ఆ ఎపిసోడ్‌లో ఇరవై మూడో నిమిషం

నేను ఇంతవరకు విన్న పాడ్‌కాస్టులు రెండు వేలు. సరే, రెండు వందలు. వేళ్ళ మీద లెక్కపెట్టమని ఎవరైనా నిలదీస్తే పద్నాలుగు. అందులో చివరిదాకా మేలుకుని విన్నవి ఆరు.

అయినా ఈ విషయంలో సలహా ఇవ్వడానికి నన్ను మించినవాడు ఈ బెంగాలీ రేవుపేట ఖిదిర్‌పూర్‌లో లేడు. మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించిన ఆడవాళ్ళు, పుట్టిన ఒంటితో పొత్తు కుదరనివాళ్ళు, ఇంకా ఎటూ తేల్చుకోనివాళ్ళు, వీళ్ళందరినీ కలిపి ఇంగ్లీషులో ఐదారు అక్షరాల వరుసగా చెబుతారు. ఆ అక్షరాలవాళ్ళు వినదగ్గ పాడ్‌కాస్టులు ఏవి, వినకూడనివి ఏవి అన్నది నన్ను అడగాలి. ఇది మాత్రం తగ్గించి చెప్పనవసరం లేదు. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ ఆ పని నెత్తిన పెట్టుకోలేదు.

ఆ అక్షరాల్లో ఒకటి నాది. నా సంగతి నాకు ఇరవై రెండో ఏట తెలిసింది. దానికో అక్షరం ఉందని డెబ్బై దాటాక తెలిసింది. కంటిశుక్లం ఆపరేషన్ చేసిన డాక్టరు కొన్నాళ్ళు పేపరు చదవొద్దన్నాడు. ఊరికే కూచోలేక ఫోనులో ఏదో నొక్కితే, ఒకాయన హిందీలో తన ముప్పయ్యేళ్ళ స్నేహితుడి గురించి మాట్లాడుతున్నాడు. స్నేహితుడు అన్న మాటను ఆయన పలికిన తీరుకే నాకు అర్థమైపోయింది. కంటికి కట్టిన కట్టు తడిసి డాక్టరు చేత చీవాట్లు తిన్నాను.

పాడ్‌కాస్టుల పేర్లు నాకు గుర్తుండవు. ఫోనులో కనబడే బొమ్మను బట్టి పోల్చుకుంటాను. పసుపు గొడుగు బొమ్మది మొదట వినండి. ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు, ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్ళు సమాజం గురించీ చట్టం గురించీ మాట్లాడటం నేను వినలేదు. పప్పులో ఉప్పు ఎవరు మరిచిపోయారన్న దాని మీద అరగంట పోట్లాడుకుంటారు. ఉప్పు గురించి అంత గొంతెత్తి పోట్లాడుకోవడం ఎంత పెద్ద భాగ్యమో, గొంతు తగ్గించుకుని బతికినవాళ్ళకు తెలుస్తుంది. రెండోది తపాలా డబ్బా బొమ్మది. రిటైరైన ఒక బెంగాలీ పంతులు, జనం రాసుకుని పోస్టు చెయ్యని ఉత్తరాలు చదువుతాడు. అది బస్సులో వినకండి. నేను విని, దిగాల్సిన చోటు దాటిపోయి మెటియాబ్రుజ్ దాకా వెళ్ళిపోయాను. మూడోది స్టెతస్కోపు బొమ్మది. ఇంగ్లీషు. సగమే అర్థమైంది, కానీ అమ్మానాన్నలకు చెప్పుకోలేని కుర్రకారుకు అది మంచిది. ఆ డాక్టరు ఎవర్నీ భయపెట్టడు.

నాలుగోది తెలుగుది. దాని సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ముందు ఒక ఒప్పుకోలు. ఊరంతటికీ సలహాలు ఇచ్చినట్టు రాశాను కదా. నేను సిఫారసు చేసింది మొత్తం మీద ఒక్క మనిషికి.

ఆ మనిషీ నేనూ శ్రీకాకుళం వైపు పక్క పక్క ఊళ్ళవాళ్ళం. ఇద్దరం ఒకే ఏడాది ఇక్కడి ఓడరేవు డాకులో పనికి చేరాం. నేను క్రేను నడిపేవాణ్ణి. ఒకసారి ఓడకు ఓడనే పైకెత్తాను. ఓడను కాదు, ఓడ లంగరును. లంగరు కూడా కాదు, లంగరు గొలుసులో కొంత ముక్క. వాడు సిగ్నల్ మనిషి. క్రేను పైన కూచున్నవాడికి ఓడ కడుపులో ఏముందో కనబడదు. సరుకు ఎక్కడుంది, కింద ఎవరి తల ఉంది, ఏదీ తెలియదు. ఓడ అంచున నిలబడ్డ సిగ్నల్ మనిషి చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. ఆ చెయ్యి ఎత్తమంటే ఎత్తాలి, దించమంటే దించాలి. సరుకు లాగే విన్చిల మోతలో అరిచినా వినబడదు కాబట్టి అన్నీ సైగలే. ముప్పయ్యేళ్ళ పైన నేను ఆ ఒక్క చేతిని చూస్తూ పని చేశాను. నా పెళ్ళాం ముఖం కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

సైగల్లో అందరికీ తెలిసినవి కాక మాకు మాత్రమే తెలిసినది ఒకటుండేది. పిడికిలి బిగించి గుండెకు ఆనించి, బొటనవేలితో రెండుసార్లు తట్టుకోవడం. డాకు భాషలో దానికి అర్థం లేదు. మా భాషలో, బరువు నా దగ్గరుంది, నువ్వు కంగారుపడకు అని. బజారులో, పెళ్ళిళ్ళలో, మా ఇంట్లో నా భార్య ఎదుటే వాడు నడుం దగ్గర చెయ్యి పెట్టుకుని ఆ సైగ చేసేవాడు. ఎవరూ గమనించేవారు కారు.

మేము యాభై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికాం. ఇది కూడా సరిదిద్దాలి. ఒకే కప్పు కింద బతికింది నా పెళ్ళికి ముందు, నాలుగేళ్ళు, ఇంకో ఆరుగురితో కలిసి. తర్వాత నాకు ఫ్యామిలీ క్వార్టర్సు ఇచ్చారు. వాడు పెళ్ళి చేసుకోలేదు, డాకు పక్క ఆ గదిలోనే ఉండిపోయాడు. మాకు మిగిలింది ఆదివారం మధ్యాహ్నం భోజనం, కొన్ని సాయంత్రాలు. నన్ను మొదట్నుంచీ బావా అనే పిలిచేవాడు, మావైపు అలా పిలుచుకోవడం మామూలే. కాబట్టి నా భార్య వాడికి చెల్లెలైంది. ఆవిడ ఈ ఊరు వచ్చాక బెంగాలీ ఇరుగుపొరుగును చూసి భాయ్‌ఫోటా నేర్చుకుంది. కాళీపూజ అయిన రెండో రోజున అన్నదమ్ముల్ని కూచోబెట్టి, చిటికెన వేలితో నుదుట చందనం బొట్టు పెట్టి, యముడు మీ గడప తొక్కకూడదని కోరుకునే పండగ. ఆవిడ సొంత అన్నలు ఊళ్ళో ఉండిపోయారు. అందుకని ఏటా వాడినే కూచోబెట్టి బొట్టు పెట్టేది. ఆరేళ్ళ క్రితం పోయింది.

ఆవిడ పోయాక మాకు సాయంత్రాలన్నీ మిగిలాయి. రోజూ నాలుగింటికి నది ఒడ్డున స్నానాల ఘాటు మెట్ల మీద కూచుంటాం. ఇయర్‌ఫోను తీగ ఒకటి నా చెవికి, ఒకటి వాడి చెవికి. విన్చి మోతకు వాడి ఎడమ చెవి ఎప్పుడో పోయింది కాబట్టి ఎప్పుడూ వాడి కుడివైపే కూచుంటాను. పసుపు గొడుగు, తపాలా డబ్బా అన్నీ అలాగే విన్నాం. విన్నాక వాడు ఏమీ అనేవాడు కాదు. పప్పులో ఉప్పు మరిచింది పెద్దావిడే అని మాత్రం రెండు రోజుల తర్వాత తేల్చాడు.

ఇప్పుడు నాలుగోది. బొమ్మలో గాజుల చెయ్యి ఉంటుంది. ఊరికి ఆ చివర సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసే వరంగల్ వైపు అమ్మాయి చేస్తుంది. అరవై దాటినవాళ్ళ ప్రేమకథలే ఆ అమ్మాయికి కావాలి, ఆ ఐదారు అక్షరాలవాళ్ళవి. ప్రతి ఎపిసోడ్ చివర, మీ కథ చెప్పాలనుంటే వాయిస్ మెసేజ్ పంపండి, పేరు చెప్పనక్కర్లేదు అంటుంది. నేను పదకొండు మెసేజ్‌లు రికార్డు చేసి పదకొండూ చెరిపేశాను. ఒకదాంట్లో నేను ఓడను ఎత్తాను. ఇంకోదాంట్లో వాడి కోసం ఉద్యోగం వదిలేశాను. ఏ ఒక్కదాంట్లోనూ జరిగింది జరిగినట్టు చెప్పలేకపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో నెత్తళ్ళ తలలు తుంచుతూ కొత్త ఎపిసోడ్ పెట్టాను. మొదట దగ్గు వినబడింది. ఆ దగ్గు నాకు తెలుసు. డాకులో సిగ్నల్ మనిషిని అన్నాడు. చేతిలో చేప కింద పడేశాను.

వాడు నాకు చెప్పలేదు. ముందురోజు కూడా నా పక్కనే కూచుని కారం మరమరాల ఝాల్‌ముడి తిన్నాడు, చెప్పలేదు. సరే, చెప్పకపోతే పోనీ, ఇప్పుడు నా గురించి చెబుతాడు అనుకున్నాను. చేతులు కడుక్కోకుండా కూచున్నాను. పెద్దవాణ్ణి, ఎనభైకి దగ్గరవుతున్నవాణ్ణి, పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూశాను. వాడు ఊరి గురించి చెప్పాడు, అమ్మ గురించి చెప్పాడు, మగవాళ్ళ మీదికే మనసు పోతుందని తనకు ఎలా తెలిసిందో చెప్పాడు. క్రేను గురించి చెప్పాడు. నన్ను రెండుసార్లు పైనున్నోడు అన్నాడు, అంతే. ఇరవై మూడో నిమిషం దగ్గర ఆ అమ్మాయి అడిగింది, మీ జీవితంల ఎవరన్నా ఉండెనా తాతా అని.

ఏడు సెకన్లు ఏమీ వినబడలేదు. తర్వాత వాడి గొంతు.

"ఎవులూ లేరమ్మా."

ఒంటరితనం బాధనిపించలేదా అని ఆ పిల్ల అడిగితే, అలవాటైపోనాది అన్నాడు.

నాకు కోపం వచ్చిందని రాస్తే అది చిన్నమాట. నాలుగేళ్ళ గది, ముప్పయ్యేళ్ళ క్రేను, ఆదివారాలన్నీ, ఘాటు మెట్లు, అన్నీ తుడిచేసి, అలవాటైపోనాదట. దేనికి అలవాటుపడ్డాడు, నేను లేకపోవడానికా? ఆ పాడ్‌కాస్టు చూపించింది నేను, ఫోనులో ఎక్కించింది నేను, చెవిలో పెట్టింది నేను. నా చేత్తో తలుపు తెరిస్తే లోపలికి వెళ్ళి నన్ను బయట నిలబెట్టాడు. నెల రోజులు ఘాటుకు వెళ్ళలేదు. నెల కాదు, ఐదు రోజులు. వాడు ఫోను చేస్తే ఎత్తలేదు. గాజుల చెయ్యికి ఒక్క నక్షత్రం ఇచ్చాను. ఎక్కడ నొక్కానో గాని అది ఐదు నక్షత్రాలుగా పడింది, ఎలా తియ్యాలో తెలియలేదు.

ఆరో రోజు ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టి, రెండు బస్సులు మారి సాల్ట్ లేక్ వెళ్ళాను. మెడలో ఆఫీసు కార్డుతో టీకొట్టు దగ్గరికి వచ్చింది. నాకు బల్ల తుడిచి కూచోబెట్టింది. కోర్టుకు వెళ్తానని బెదిరించాను. ఆ ఎపిసోడ్‌లో అబద్ధం ఉంది, ముసలాయన చేత అబద్ధం చెప్పించావు, తీసెయ్యి అన్నాను. ఆ పిల్ల భయపడలేదు. ఏది అబద్ధమని అడిగింది. ఇరవై మూడో నిమిషం అన్నాను.

"ఆయన ముందే అన్నడు తాతా, ఒక్క మాట అడగొద్దు, అడిగితే లేరనే చెప్త అని," అంది. "నేనే ఆగలేక అడిగిన. తప్పు నాదే."

తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి, ఒక సంగతి తనకు అర్థం కాలేదంది. జవాబు చెప్పే ముందు ఆయన మాట్లాడకుండా చేత్తో ఏదో చేశాడట. అదేమిటని రికార్డింగ్ అయ్యాక అడిగితే, క్రేను భాషలే, నీకెందుకు అని నవ్వాడట.

"చెయ్యి ఇట్ల పెట్టిండు," అని తన పిడికిలి బిగించి గుండెకు ఆనించుకుంది.

బొటనవేలు ఎలా ఉందని అడిగాను. సరిగ్గా చూడలేదంది. తట్టుకున్నాడా అని అడిగాను. తట్టుకున్నట్టే ఉందంది, రెండుసార్లో మూడుసార్లో గుర్తులేదంది. వీడియో లేదు, వినేది మాత్రమే కదా తాతా, అది ఎట్ల వస్తది అంది. నేను టీ తాగుతున్నట్టు నటించాను. ఆ పిల్ల నా చేతులకేసి చూస్తోంది. లీవర్లు పట్టుకుని కాయలు కాసిన చేతులు.

"పైనున్నోడు మీరేనా తాతా?"

కాదన్నాను. నేను ఆఫీసు గుమస్తాను, క్రేను ఎక్కితే కళ్ళు తిరుగుతాయి అన్నాను.

అంత పొద్దున్నే బయలుదేరి, రెండు బస్సులు మారి, నన్ను లేడన్నందుకు పోట్లాడటానికి వచ్చినవాణ్ణి, అడగ్గానే నేనూ లేనన్నాను. అదీ ఎవరూ బలవంతపెట్టకుండా, ఒక ఆడపిల్ల మర్యాదగా అడిగితే. తిరుగుబస్సులో తపాలా డబ్బా పంతులు ఏదో ఉత్తరం చదువుతున్నాడు. ఆపేశాను.

ఇక్కడ అసలు ఒప్పుకోలు ఒకటి బాకీ ఉంది. ఇంతదాకా సాగదీశాను.

మావైపు గట్టి ప్రమాణం చెయ్యాలంటే, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పుతారు. పెళ్ళికని నేను ఊరికి రైలెక్కే ముందురోజు, గదిలో మిగతా ఆరుగురూ డ్యూటీకి పోయిన పగటిపూట, ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి వాడి ముందు పెట్టాను. నీకూ నాకూ మధ్య ఏమీ లేదు, ఎవరడిగినా లేదు, నేను చచ్చాక అడిగినా లేదు, ప్రమాణం చెయ్యి అన్నాను. వాడు నా ముఖంలోకి ఒకసారి చూసి చెయ్యి పెట్టి ఆర్పాడు. అరచేతిలో మచ్చ పడిపోయిందని రాద్దామనుకున్నాను. మచ్చ ఏమీ పడలేదు. ఆ సాయంత్రం మామూలుగానే డ్యూటీకి వెళ్ళి మామూలుగానే సైగలు చేశాడు. నేను మాత్రం ఏ ప్రమాణమూ చెయ్యలేదు. వాడు నన్ను అడగనూ లేదు.

సాల్ట్ లేక్ నుంచి వచ్చి నేరుగా ఘాటుకు పోయాను. వాడు మామూలు మెట్టు మీద, కుడిపక్క నాకు చోటు వదిలి కూచున్నాడు. చేతిలో ఝాల్‌ముడి పొట్లం.

"ఐదు రోజులు రానేదు. ఒంట్లో బాగునేదేటి బావా?"

"ఇన్నాను," అన్నాను.

వాడు మరమరాలు నములుతూ నది వైపు చూశాడు.

"ఎవులూ లేరని సెప్పినావు," అన్నాను.

"మరేటి సెప్పమంటావు? కర్పూరం ఆర్పించింది నువ్వు గదా."

"అది ఆ దినం మాట."

"కర్పూరానికి దినాలుంటాయేటి."

అయితే ఎందుకు వెళ్ళావని అడిగాను. చెప్పకూడదనుకున్నవాడు ఆ పిల్ల దగ్గరికి ఎందుకు వెళ్ళాలి, నా పరువు తియ్యడానికా అన్నాను. నా మాట చెప్పననే ప్రమాణం చేశాడట, తన మాట చెప్పుకోనని చెయ్యలేదట. డెబ్బై దాటాక ఒక్కసారి తన సంగతి తన నోటితో అనుకుందామని వెళ్ళాడట. ఎలా వెళ్ళాడో కూడా చెప్పాడు. రెండు బస్సులు మారి, నేను మారిన బస్సులే.

నేను ఆలోచించుకుని, పెద్దమనసు చేసుకున్నవాడిలా, ప్రమాణం నుంచి వదిలేస్తున్నానన్నాను. వెళ్ళి చెప్పుకో, ఇంకో ఎపిసోడ్ చేసుకో, నా పేరు కూడా చెప్పుకో అన్నాను. పేరు మాత్రం చెప్పడని నాకు తెలుసు, అందుకే అంత ధైర్యం.

వాడు పొట్లం మూతి మడిచాడు.

"నువ్వొగ్గీసినా నాను ఒగ్గను. మా సెల్లి ముప్పయ్యేళ్ళ పైన నా నుదుట్న సందనం పెట్టింది. ఆయమ్మకి తెలీకూడదనే గదా ఆర్పించినావు. ఇప్పుడు ఆయమ్మ నేదని ఊరంతా సెప్పుకోమంటావేటి? బతికుంటే అడిగి సెప్పుదును."

నా భార్యకు తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆదివారాలు చేపలో మంచి ముక్క ఎప్పుడూ వాడి కంచంలోనే వేసేది. తెలిసి వేసేదో, అన్న అని వేసేదో. మా ఇద్దరి గురించైనా ఏదో ఒక పాడ్‌కాస్టు ఉంది. ఆవిడలాంటి వాళ్ళ కోసం ఒకటుందేమో అని వెతికాను. దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే నాకు సిఫారసు చెయ్యండి.

ఆ అమ్మాయి చూసిన పిడికిలి సంగతి వాణ్ణి అడగలేదు. రెండుసార్లు తట్టావా అని అడిగితే, లేదంటే ఏం చెయ్యాలి.

ఈయేల ఏటి ఇందాం అన్నాడు వాడు, ఏమీ జరగనట్టు. నేను ఫోను తీసి గాజుల చెయ్యి నొక్కాను. వాడు తన ఎపిసోడ్ తాను వినలేదట. నా చెవిలో వాడు, వాడి చెవిలో వాడు, పక్కన వాడు. ఇరవై మూడో నిమిషం వచ్చింది. ఆ పిల్ల అడిగింది. అప్పుడు నేను వాడి చేతికేసి చూశాను. ముప్పయ్యేళ్ళు ఆ చెయ్యి కదిలితేనే కదిలినవాణ్ణి, అలవాటు పోదు కదా. చెయ్యి ఝాల్‌ముడి పొట్లాన్ని పట్టుకుని ఉంది. కదల్లేదు. ఎవులూ లేరమ్మా అన్నప్పుడు, తన గొంతు అంత ముసలిగా ఉందేమిటని మాత్రం అడిగాడు.

నాకింకా కోపంగానే ఉంది. వాడు మాట నిలబెట్టుకున్నాడు, నిజమే. నేను ఇంత వయసొచ్చాక, ఒక్కసారి తప్పితే ఏం పోయిందిరా అనుకుంటూ వాడి కుడిపక్కన కూచుంటున్నాను. ప్రమాణం వాడిది, కాబట్టి నేను రాయవచ్చు. మా వీధిలో కుర్రవాళ్ళు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు, వాడు చదవగలడు గాని కళ్ళజోడు పెట్టుకోడు. అందుకే ఇలా ధైర్యంగా తెలుగులో రాస్తున్నాను.

సిఫారసు చేస్తానని మొదలుపెట్టాను కాబట్టి చేస్తాను. గాజుల చెయ్యి బొమ్మ, సిగ్నల్ మనిషి మాట్లాడే ఎపిసోడ్. మొదట్నుంచీ వినండి, వాడు వాళ్ళమ్మ గురించి బాగా చెప్పాడు. ఇరవై మూడో నిమిషం దగ్గర మీ ఫోను ఆగిపోయిందనుకుని ముందుకు తోసెయ్యకండి. అక్కడ ఏడు సెకన్లు ఏమీ వినబడదు. అది నేను.

ఏడు అని రాశాను. గడియారం పెట్టుకుని చూశాను, నాలుగు.